దీపం కింద చీకటి

"వదినగారూ, మీరొకసారి వచ్చి తీర్పు చెబితేగాని మా ఇంట్లో దీపాలు వెలిగేటట్టు లేవు" అంటూ మొన్న మాఘమాసంలో మా మరదలు ఫోను చేసింది. తీర్పులు చెప్పేంత పెద్దరికం నాకెక్కడిదమ్మా అనబోయాను గాని, ఆడబడుచుని పనిగట్టుకుని సలహా అడిగే మరదలు ఎంతమందికి దొరుకుతుంది చెప్పండి? మర్నాడే బెజవాడ బయలుదేరాను.

మా తమ్ముడి ఇల్లు సింగ్‌నగర్‌లో. 2024 సెప్టెంబరు 1 ఆదివారంనాడు బుడమేరు వాళ్ళ వీధిలోకి వచ్చి, పిలవకుండానే ఇంట్లోకీ వచ్చింది. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజి మీదుగా 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు పోయింది. బ్యారేజి కట్టాక అంత వరద ఎన్నడూ రాలేదన్నారు. మావాళ్ళ కింది వాటాలో ఛాతీలోతు నీళ్ళు. కరెంటు లేదు. మేడమీద ఒక్క గదిలో నాలుగు రాత్రులు గడిపారు. సెల్‌ఫోనులోని దీపాలు మొదటి రాత్రికే కళ్ళుమూశాయి. ఆ నాలుగు రాత్రులూ వెలిగింది మా అమ్మ పూజగదిలోంచి చంకన పెట్టుకుని మేడెక్కిన ఇత్తడి దీపపు సెమ్మె ఒక్కటే. అందులో వంటనూనె, పాత పంచె చింపి చేసిన వత్తి.

ఆ తరువాత ఇల్లు బాగు చేయించడానికి చాలాకాలం పట్టింది. నానిపోయిన వైర్లన్నీ లాగేసి కొత్తవి వేశారు. గోడలకి రంగులు కూడా అయ్యాయి. ఇక మిగిలినవి దీపాలు. అక్కడే తగువు వచ్చిపడింది.

మరదలు ఫోనులో దాచుకున్న బొమ్మలు ఒక్కొక్కటే చూపించింది. హాల్లోకి మూడంతస్తుల షాండ్లియర్. భోజనాల బల్లమీద, లోపలి తీగ ఎర్రగా కనిపించే పాతకాలపు ఎడిసన్ బల్బులు నాలుగు, షేడ్లు లేకుండా. అన్నిటికన్నా ముఖ్యంగా అమ్మ సెమ్మెకి నడుమ చిల్లి వేయించి, వైరు దూర్చి, పైన బల్బు పెట్టి, గుమ్మం పక్కన నిలబెడితే ఎంత బాగుంటుందోనని ఆవిడ ఆశ.

మా తమ్ముడిది ఒకటే మాట. "గదికో తెల్లటి ట్యూబులైటు బిగిస్తే పీడా వదులుతుంది. ఆస్పత్రిలా వుంటే వుందిలే, కనపడుతుందిగా!"

"మరి నీ సంగతేమిటే అమ్మా?" అన్నాను.

"నాకెందుకే దీపాలు? ఎనిమిదింటికల్లా పడుకునేదాన్ని" అంది అమ్మ.

ఆ మాట నాకు నమ్మబుద్ధి కాలేదు. అమ్మకి డెబ్బై నాలుగేళ్ళు. రాత్రి పదింటిదాకా వారపత్రిక సీరియల్ చదవందే కన్ను మూసే మనిషి కాదు. కిటికీ గూట్లో చూస్తే పది పన్నెండు పత్రికలు మడత విప్పకుండా పడివున్నాయి. "ఈమధ్య సీరియల్ ఏమీ బాగా రాయడంలేదే" అంది నావంక చూడకుండా. కుడిచేతి మణికట్టుకి కట్టు వుంది. అడిగితే "ఏదో తగిలింది" అంది. తగిలింది కాదు, రాత్రివేళ స్నానాలగది మెట్టు కనపడక పడిందని మరదలు వంటింట్లో నాతో రహస్యంగా చెప్పింది. "నాకు కనపడటంలేదురా" అని కొడుకుతో అనడానికి అమ్మకి అభిమానం అడ్డువచ్చింది.

అప్పుడు నాకు తోచిన ఉపాయం చెబుతాను. మీ ఇళ్ళలోనూ చేసి చూడండి, కానీ ఖర్చులేదు. దీపాలు కొనబోయే ముందు ఎలక్ట్రీషియన్ చేత ఒక హోల్డరుకి పొడుగాటి వైరు, ప్లగ్గు తగిలింపించి, బల్బు పెట్టించుకున్నాం. పొద్దుపోయాక దాన్ని పట్టుకుని ఇల్లంతా తిరిగాం. ఎవరు ఎక్కడ కూర్చుంటారో అక్కడ కూర్చోవడం, ఏ పని చేస్తారో ఆ పని చేయడం, బల్బుని అటూ ఇటూ జరిపి చూడటం. అంతే.

వంటగట్టు దగ్గర మరదలు కూర తరుగుతూ నిలబడితే, నడినెత్తిన వున్న దీపం ఆవిడ వీపుమీద పడింది; కత్తిపీటమీద ఆవిడ నీడే పడింది. ఇన్నేళ్ళూ ఆ నీడలోనే వంట చేసిందన్నమాట! భోజనాల బల్లమీద షేడులేని బల్బు పెట్టేసరికి ఎదురుగా కూర్చున్నవాళ్ళ మొహం కనపడలేదు, బల్బే కనపడింది. హాల్లో పంకాకి పైన దీపం పెడితే రెక్కల నీడలు గోడంతా కొట్టుకుని పదినిమిషాలకి తలనొప్పి వచ్చింది. ఇక అమ్మ మంచం దగ్గర దీపం వీపువైపు గోడకి వుంది. పుస్తకం పట్టుకుంటే తన తల నీడ అక్షరాలమీద. మెట్టు దగ్గర వెలుతురే లేదు.

మా తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తరవాత తనే ఆ బల్బు తీసుకుని అమ్మ భుజం పక్కకి తెచ్చి పట్టుకున్నాడు.

వయస్సుతోపాటు కంటిలోని పాప చిన్నదవుతుంది, కటకం పసుపు తిరుగుతుంది. ఇరవై ఏళ్ళవారి కంటి వెనకపొరకి చేరే వెలుతురులో, అరవై ఏళ్ళు వచ్చేసరికి సుమారు మూడోవంతే చేరుతుంది. కాబట్టి మనకి పట్టపగల్లా వున్న గది మన అమ్మలకి మునిమాపువేళలా వుంటుంది. అలాగని తెల్లటి వెలుతురు కంట్లోకి కొడితే సరిపోదు. ముసలికళ్ళు మిరుమిట్లకి ఇంకా తట్టుకోలేవు. వెలుతురు పుష్కలంగా వుండాలి, బల్బు మాత్రం కంటపడకూడదు.

ఈ సంగతి కనిపెట్టినవాళ్ళు ఎప్పుడో వున్నారు. డెన్మార్కులో పౌల్ హెన్నింగ్‌సెన్ అనే వాస్తుశిల్పి 1920ల్లో, ఇళ్ళలోకి కరెంటు బల్బు కొత్తగా వస్తున్న రోజుల్లో, దాని మిరుమిట్లతో విసిగిపోయి ఒకదాని కింద ఒకటిగా మూడు షేడ్లు అమర్చిన దీపం తయారుచేశాడు. బల్బు లోపల దాక్కుంటుంది, వెలుతురు మాత్రం మెత్తగా బల్లమీదికి జారుతుంది. 1958లో ఆయన చేసిన పి.హెచ్. 5 దీపం ఇప్పటికీ అమ్ముడుపోతోంది. ఇసాము నోగుచి అనే శిల్పి 1951లో జపానులోని గిఫు వెళ్ళి, అక్కడివారు వెదురుబద్దలతో, కాగితంతో చేసే లాంతర్లు చూసి 'అకారి' దీపాలు మొదలుపెట్టాడు. మన కార్తికమాసపు ఆకాశదీపం చూసినవాళ్ళకి వాటిని వేరే పరిచయం చెయ్యక్కర్లేదు. పెద్ద పేరున్న ఈ డిజైనర్ దీపాలన్నిటి కిటుకూ ఒకటే: మంటని మరుగుపరచి వెలుతురుని పంచడం. ఆ కిటుకు తెలిస్తే ఆ ధర పెట్టక్కర్లేదు.

మర్నాడు గవర్నరుపేట, బీసెంటురోడ్డు తిరిగాం. కొట్టులో దీపాలన్నీ ఒక్కసారి వెలిగించి వుంచుతారు. ఆ జిగేలులో ఏ ఒక్కటీ తన అసలు స్వరూపం చూపించదు. మనక్కావలసిన దాన్ని ఒక్కదాన్నే వెలిగించి, దానికింద అరచెయ్యి పెట్టి చూడాలి. చేతిరంగు చచ్చినట్టు కనిపిస్తే ఆ దీపం మనకొద్దు. డబ్బామీద అంకెలు కూడా చదవాలి సుమండీ. వాట్లు కరెంటు ఖర్చుని చెబుతాయి, వెలుతురుని చెప్పేవి ల్యూమెన్లు. 60 వాట్ల పాతబల్బు ఇచ్చే వెలుతురు ఇప్పుడు 9 వాట్ల ఎల్.ఇ.డి. ఇస్తుంది. రోజుకి అయిదు గంటలచొప్పున నెలకి అది 9 యూనిట్లు తాగితే, ఇది ఒకటిన్నర యూనిట్ కూడా తాగదు. కెల్విన్ అనే అంకె రంగుని చెబుతుంది. 2700, 3000 అయితే పసుపుపచ్చని వెలుతురు. కూర్చునే చోటికీ, పడకగదికీ ఇది. 4000 వంటింటికి. 6500 అయితే మా తమ్ముడు కోరిన ఆస్పత్రి తెలుపు. తొలకరిలో ఉసిళ్ళు కూడా ఆ తెలుపుకి ఎగబడినంతగా పసుపు వెలుతురుకి రావు. సి.ఆర్.ఐ. అన్నచోట 90 వుంటే చీరరంగు పగటిలా కనిపిస్తుంది. 80కి తగ్గితే తీసుకోకండి.

పాతదీపాల మోజు తప్పేమీ కాదు, నాకూ వుంది. కాని పాతసామాను కొనేటప్పుడు మూడు పరీక్షలు చెయ్యాలి. ఒకటి, చిన్న అయస్కాంతం ఆనించాలి. అంటుకుంటే లోపల వున్నది ఇనుము, పైన ఇత్తడి పూత. కొత్త ఇత్తడికే ఆమ్లం పూసి వందేళ్ళ వయస్సు తెప్పించేవాళ్ళూ వున్నారు. రెండు, లోపలి పాత రబ్బరు వైరు పెళుసెక్కి రాలిపోతుంది. ఎంత బాగున్నట్టు కనిపించినా తీసేసి కొత్తది వేయించి, లోహపు దీపానికి తప్పకుండా ఎర్తు ఇప్పించాలి. మూడు, హోల్డరు చూసుకోవాలి. మన ఇళ్ళలోది రెండు పిన్నుల బల్బు. పైదేశపు తరహా దీపాలకి మర బల్బు కావాలి. ఇంటికొచ్చాక తెలిస్తే మళ్ళీ బజారు పరుగెత్తాలి. బందరువైపు సముద్రపు గాలి తగిలే ఊళ్ళవారు ఇనపదీపాల జోలికి పోకపోవడం మంచిది, తుప్పు ఊరుకోదు.

ఇంతకీ మరదలి ముచ్చట తీర్చాలా వద్దా? హాల్లోకి షాండ్లియర్ బదులు నిమ్మలకుంట తోలుదీపం తీసుకున్నాం. ధర్మవరం దగ్గర ఆ ఊళ్ళో తరతరాలుగా తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. మేకతోలుని శుభ్రంచేసి, పారదర్శకమయ్యేలా ఆరబెట్టి, చిల్లులు పొడిచి రంగులు వేస్తారు. వెనకటికి తెరవెనక ఆముదపు దీపాలు పెట్టి రాత్రంతా రామాయణం ఆడించేవారు. ఆటలు తగ్గాక అదే తోలు, అదే రంగులు దీపపు షేడ్లయ్యాయి. ఆ ఊరి కళాకారులు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. పాతదీ, కొత్తదీ, డిజైనరుదీ అన్నీ అందులోనే వున్నాయని చెప్పేసరికి మరదలి మొహం వికసించింది. ఒక జాగ్రత్త: లోపల ఎల్.ఇ.డి. బల్బే పెట్టాలి, పాతబల్బు వేడికి తోలు ముడుచుకుపోతుంది. వానాకాలం చెమ్మకి బూజు పట్టకుండా పొడిగుడ్డతో తుడవాలి. అంత పెట్టలేనివాళ్ళు పెడన కలంకారి గుడ్డ ముక్క తీసుకుని తీగచట్రానికి కుట్టించుకుంటే అదీ ముచ్చటగానే వుంటుంది.

భోజనాల బల్లమీద లోతైన షేడున్న దీపం ఒకటి, బల్లకి రెండున్నర అడుగుల ఎత్తులో వేలాడదీశాం. మరదలు కోరిన ఎడిసన్ తరహా బల్బే, కాని షేడులోపల. వంటింట్లో పై అలమర అడుగున సన్నటి ఎల్.ఇ.డి. పట్టీ, నీడ పారిపోయింది. మెట్టు దగ్గర మనిషి అలికిడికి తనే వెలిగే చిన్న దీపం, మోకాలి ఎత్తులో. అమ్మ మంచం పక్కన మెడ ఎటు కావాలంటే అటు వంగే చదువు దీపం. వరద బుద్ధి చెప్పింది గనుక ప్లగ్గులన్నీ ఛాతీకి పైకి జరిపించి, మేడకీ కింది వాటాకీ వేరువేరు లైన్లు ఇప్పించారు. కరెంటు పోయినా మూడు నాలుగు గంటలు వెలిగే బ్యాటరీ బల్బులు రెండు పెట్టించారు. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దలు ఊరికే అనలేదు.

మిగిలింది సెమ్మె. చిల్లి వేయించే సంగతి నేను ఎత్తనేలేదు. మరదలే దాన్ని చింతపండుతో తోమి, తళతళలాడించి తెచ్చి, "వద్దులెండి వదినగారూ. మళ్ళీ నీళ్ళొస్తే ఇందులో నూనె పోయాలిగా" అంది. పూజగదిలో యథాస్థానంలో పెట్టింది.

నేను తిరుగుప్రయాణమయ్యే ముందురోజు రాత్రి పదిన్నరకి మంచినీళ్ళకి లేచాను. అమ్మ గదిలో దీపం వెలుగుతోంది. కట్టు వున్న చేత్తోనే పత్రిక పట్టుకుని, కళ్ళజోడు సవరించుకుంటూ కూర్చునివుంది. కిటికీ గూట్లోని పత్రికలన్నీ మంచంమీద వరసగా పేర్చుకుంది.

"ఇంకా పడుకోలేదా అమ్మా? ఎనిమిదింటికే నిద్ర అన్నావు?"

"వుండవే, ఆ పిల్ల పుట్టింటికి వచ్చేసింది" అంది తల ఎత్తకుండా. పేజీ తిప్పి, "ఈమధ్య మళ్ళీ బాగా రాస్తున్నాడు" అంది.