పుస్తకం చదవలేని పిల్లవాడికి లైబ్రరీ ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో న్యూయార్కు రాష్ట్రంలో ఉంటుంది. మనుమడికి రెండేళ్ళ రెండు నెలలు. విడి మాటలు పది దాకా అంటాడు గానీ రెండు మాటలు కలపలేడు. అమ్మాయి వాడిని ప్రతివారం అక్కడి పబ్లిక్ లైబ్రరీకి తీసుకువెళ్ళి ఆడిస్తోంది. అక్షరం రాని పిల్లవాడికి లైబ్రరీ ఎందుకు? ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లీషు వినడం వల్ల మాటలు రావడం లేదేమో. తెలుగు మానేయమని చెప్పనా?
— ఒక అమ్మమ్మ, తెనాలి

జవాబు: తెలుగు మాన్పించకండి. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. వాడికి వచ్చిన మాటలు లెక్కపెట్టేటప్పుడు రెండు భాషలవీ కలిపి లెక్కపెట్టాలి.

ఇక లైబ్రరీ సంగతి. న్యూయార్కు రాష్ట్రంలోని మిడిల్ కంట్రీ పబ్లిక్ లైబ్రరీలో 1979లోనే తల్లీబిడ్డల ఆటల కార్యక్రమం మొదలుపెట్టారు. ఐదు వారాలపాటు పెద్దలు పిల్లలతో కలిసి నేలమీద కూర్చుని ఆడతారు. స్పీచ్ థెరపిస్టు, పోషకాహార నిపుణుల వంటివారు వచ్చి, ఉపన్యాసం ఇవ్వకుండా తల్లిదండ్రుల పక్కన కూర్చుని సందేహాలు తీరుస్తారు. తరువాత ఈ పద్ధతి అనేక లైబ్రరీలకు పాకింది. అమెరికా లైబ్రరీ సంఘాలు 2011లో తల్లిదండ్రులకు చెప్పిన ఐదు పనులు కూడా ఇవే: మాట్లాడడం, పాడడం, చదివి వినిపించడం, గీయించడం, ఆడించడం.

ఆటలో మాట ఎలా వస్తుందంటారా? చెక్కముక్కలు పేరుస్తూ తల్లి “ఇంకొకటి పెట్టు” అంటుంది. కూలితే “పడిపోయింది!” అంటుంది. మాట, పని ఒకేసారి జరగడంతో బిడ్డకు అర్థం పట్టుబడుతుంది. టెలివిజన్ ముందు కూర్చోబెడితే ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఉండదు.

అయితే ఆట వైద్యానికి బదులు కాదు. రెండేళ్ళు నిండేసరికి “పాలు కావాలి”, “అమ్మా రా” అన్నట్లు రెండేసి మాటలు కలపాలి. “మగపిల్లలకు మాటలు ఆలస్యంలే” అని ఊరుకోవద్దు. ముందు వినికిడి పరీక్ష చేయించాలి. జలుబు చేసిన తరువాత చెవి లోపల నీరు చేరినా వినికిడి మందగిస్తుంది. చప్పుడుకు తిరిగి చూస్తున్నాడు గదా అని అనుకోకూడదు. పేరు పెట్టి పిలిస్తే చూడకపోయినా, వేలితో ఏదీ చూపకపోయినా, వచ్చిన మాటలు పోయినా మరీ త్వరపడాలి.

అమెరికాలో మూడేళ్ళలోపు పిల్లలకు ‘ఎర్లీ ఇంటర్వెన్షన్’ అనే సదుపాయం ఉంది. దీనికి 1986లో చట్టం చేశారు. డాక్టరు చీటీ లేకుండానే తల్లిదండ్రులు అడగవచ్చు. పరీక్షకు రుసుము లేదు. మీ మనుమడికి మూడేళ్ళు నిండడానికి ఇంకా పది నెలలే ఉంది కనుక ఈ వారమే అడగమనండి.

మీరూ ఒక పని చేయవచ్చు. వీడియోకాల్‌లో వాడికి తెలిసిన పాట పాడుతూ చివరి మాట దగ్గర ఆగండి. మీరే అందించకుండా మనసులో పది లెక్కపెట్టండి. వాడు సగం మాట అన్నా సంతోషంగా పూర్తి మాట పలికి వినిపించండి. తప్పు పట్టకండి.