బలరాం ఏ ఊరివాడు?

ఈ మధ్య మా రైల్వే కాలనీలో ఆట అయిపోయాక గట్టుమీద కూర్చుని, ప్రపంచంలో గొప్ప స్ట్రైకర్ ఎవరని వాదించుకున్నాం. ఒకడు మెస్సీ అన్నాడు, ఇంకొకడు రొనాల్డో అన్నాడు. పన్నెండో తరగతి అన్నయ్య ఒకాయన సెర్బియా వాళ్ల పేర్లు వరసగా చెప్పాడు. మన దేశం నుంచి చెప్పండి అంటే మాత్రం సునీల్ ఛెత్రీ దగ్గర అందరం ఆగిపోయాం. ఇంటికొచ్చి తాతయ్యకు ఫోన్ చేసి అడిగాను. "మన బీఎన్నార్ బలరాం తెలీదురా నీకు?" అన్నారు.

మా తాతయ్యది బొబ్బిలి దగ్గర పల్లె. రైల్వేలోనే పనిచేసి రిటైరయ్యారు. బీఎన్నార్ అంటే బెంగాల్ నాగపూర్ రైల్వే. మన బిలాస్‌పూర్‌కు రైలు తెచ్చింది ఆ కంపెనీయే. 1955లో అది సౌత్ ఈస్టర్న్ రైల్వే అయింది, 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా మన జోన్ విడిగా ఏర్పడింది. తాతయ్య మాత్రం ఇప్పటికీ బీఎన్నార్ అనే అంటారు. (ఆ మూడు అక్షరాలకు 'బీ నెవర్ రెగ్యులర్' అని వేళాకోళం చేసేవాళ్లట. మా రైలు నాలుగు గంటలు ఆలస్యమైనప్పుడల్లా అమ్మ ఆ మాట గుర్తుచేస్తుంది.) కలకత్తాలో ఆ రైల్వే ఫుట్‌బాల్ జట్టు కూడా చాలా ఏళ్లు ఆ పాత పేరుతోనే ఆడింది.

తులసీదాస్ బలరాం 1936 అక్టోబర్ 4న సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టారు. ఇంట్లో డబ్బు లేదు. హైదరాబాద్‌కు ప్రాక్టీసుకు వెళ్లడానికి సైకిల్ అద్దె కూడా కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబే ఇచ్చేవారని బలరాం స్వయంగా చెప్పుకున్నారు. ఆ రహీం సాబే భారత జట్టుకూ కోచ్. 'మైదాన్' సినిమా చూసినవాళ్లకు ఆయన తెలిసే ఉంటారు.

ఇరవై ఏళ్లకే బలరాం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు. మన వాళ్లు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు చేరారు. ఆసియా నుంచి అంతదూరం వెళ్లిన మొదటి జట్టు మనదే. సెమీస్‌లో ఎదురుగా యుగోస్లావియా. సెర్బియా అప్పట్లో అందులో భాగం. మొదటి గోల్ మనదే, నెవిల్ డిసౌజా కొట్టాడు. ఆ తర్వాత వాళ్లకు నాలుగు గోల్స్ వచ్చాయి. వాటిలో ఒకటి నోవిసాద్ ఊరి స్ట్రైకర్ తోడోర్ వెసెలినోవిచ్‌ది. ఆ ఒలింపిక్స్‌లో డిసౌజా, వెసెలినోవిచ్, బల్గేరియా ఆటగాడు మిలానోవ్ తలా నాలుగు గోల్స్‌తో సమానంగా నిలిచారు. వెసెలినోవిచ్ ఆట మానేశాక టర్కీ, కొలంబియా దాకా వెళ్లి కోచ్‌గా పనిచేశాడు. ఆయనా మన నాన్నల్లాగే బదిలీల మనిషన్నమాట! మనకు దక్కింది నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో దాన్ని మించి మనం ఇంతవరకు పోలేదు.

1957లో బలరాం కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోల్ చేశారు. 1961లో ఈస్ట్ బెంగాల్ కెప్టెన్. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చిన జట్టులో పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం ముగ్గురూ ఫార్వర్డ్‌లే. ఆ ఏడాదే అర్జున అవార్డు. 1963లో బీఎన్నార్‌కు మారారు. అంతలో ఊపిరితిత్తుల జబ్బు. 27 ఏళ్లకు ఆట ముగిసింది. మన పీఈటీ సార్ కన్నా చిన్న వయసు!

బలరాం మళ్లీ హైదరాబాద్ వచ్చి స్థిరపడలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తరపారాలో ఉండిపోయి, 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశారు.

ఇప్పుడు నా అభిప్రాయం చెప్తాను. చునీ గోస్వామికి 1983లో, పి.కె.కు 1990లో పద్మశ్రీ వచ్చింది. మూడో ఫార్వర్డ్‌కు రాలేదు. కారణం ఏ కాగితాల్లో ఉందో నేను చూడలేదు. నాకు తోచింది ఇది: అలాంటి గౌరవాలకు రాష్ట్రాలు పేర్లు పంపుతాయి, సొంత ఊరి వాళ్లు వెంటపడతారు. ఇక్కడి వాళ్లకు ఆయన బెంగాల్ వెళ్లిపోయిన మనిషి, అక్కడి వాళ్లకు హైదరాబాద్ నుంచి వచ్చిన మనిషి. ఇద్దరూ మనవాడే అనాల్సింది పోయి, ఇద్దరూ అవతలి వాళ్లు చూసుకుంటారులే అనుకున్నట్టుంది.

అవార్డులు ఏముంది, ఆట ముఖ్యం అని మా అక్క అంటుంది. ఎప్పుడూ ఒకే ఊళ్లో ఉన్నవాళ్లు అలా అనొచ్చు. మనం అనలేం. నాన్న కిందటి పోస్టింగ్‌లో నేను అండర్-14 జట్టులో లెఫ్ట్ వింగ్ ఆడాను. మూడు మ్యాచ్‌లు గెలిచాం, నావి రెండు గోల్స్. అక్టోబర్‌లో బదిలీ ఆర్డర్ వచ్చింది. ఫైనల్ నేను లేకుండా ఆడి గెలిచారు. ఫోటో పంపారు, కింద పదహారు పేర్లు ఉన్నాయి. నా పేరు లేదు. అందులో ఎవరి తప్పూ లేదు, ఫోటో తీసిన రోజు నేను రైల్లో ఉన్నాను. అయినా ఆ రెండు గోల్స్ ఎవరు కొట్టినట్టు?

ఈ స్కూల్లో మనలో చాలామందికి ఇలాంటి కథ ఒకటి ఉంటుంది. డ్యాన్సులోనో, ఎన్‌సీసీలోనో, సైన్సు ప్రాజెక్టులోనో. 'మీది ఏ ఊరు' అని అడిగితే మనం ఒక్క క్షణం ఆగుతాం కదా. నన్నడిగితే బలరాంది అమ్ముగూడ, కలకత్తా, ఉత్తరపారా, మన బీఎన్నార్ కూడా. ఒక్కటే ఎంచుకోవాలన్న నియమం ఎవరు పెట్టారు?

అందుకే ఒక మాట అడుగుతున్నాను. ఆటల గది బయట ప్రతి ఏడాది జట్టు పేర్లు రాసే బోర్డు మీద, మధ్యలో బదిలీ అయి వెళ్లినవాళ్ల పేర్లు కూడా రాయాలి, ఆడిన మ్యాచ్‌లు, కొట్టిన గోల్స్‌తో సహా. మా జట్టు గోల్‌కీపర్ వాళ్ల నాన్నగారికి నాగపూర్ ఆర్డర్ వచ్చేసింది, డిసెంబర్‌లో వెళ్తున్నారు. ముందు వాడి పేరుతో మొదలుపెట్టొచ్చు. బోర్డులో చోటు చాలదంటే బుధవారీ బజార్‌లో పలక కొనడానికి మేం ఆరుగురం డబ్బులు పోగుచేస్తున్నాం. రాసే అక్షరాలు బాగున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. నా చేతిరాత ఎలా ఉంటుందో తెలుగు చూసే మేడమ్‌కు తెలుసు.