పాలు పడలేదన్న మాట

బాన్సువాడ చుట్టుపక్కల, నిజాంసాగర్ నీళ్లతో వరి పండే ఊళ్లలో, బర్రె ఈనిందంటే వాడకట్టుకు జున్ను పంచుతారు. జున్నుపాలు బలమని అందరికీ తెలుసు. అటువంటి ఇళ్లలోనే కోడలు కన్నప్పుడు మొదటి పసుపుపచ్చని ముర్రుపాలను చెడుపాలని పిండి పారబోసి, బిడ్డ నాలుక మీద తేనె రాసేవారు. ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఆ పని చాటుగా సాగుతోంది. తేనెలో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి పసిబిడ్డ పేగులో విషం తయారుచేస్తుంది. ఏడాది నిండేదాకా తేనె పెట్టవద్దని వైద్యులు చెప్పేది అందుకే.

నెలలు నిండి పుట్టిన బిడ్డ ఈ ఆచారాన్ని ఎలాగో తట్టుకుని బతికితే, ఆ బతకడాన్నే ఆచారానికి రుజువుగా చూపిస్తారు. నెలలు నిండని బిడ్డకు అంత శక్తి లేదు. రోగాలను అడ్డుకునే యాంటీబాడీలు తల్లి నుంచి మాయ ద్వారా బిడ్డకు చేరేది ఎక్కువగా చివరి మూడు నెలల్లోనే. ఏడో నెలలో పుట్టిన బిడ్డ ఆ సద్దిమూట కట్టుకోకుండానే వచ్చేసింది. ముర్రుపాలు అవసరం అందరికన్నా దానికే ఎక్కువ.

అసలు కష్టం ఇక్కడే ఉంది. చీకడం, మింగడం, ఊపిరి పీల్చడం ఒకదానితో ఒకటి పొసగడానికి సాధారణంగా 32 నుంచి 34 వారాలు నిండాలి. అంతకన్నా ముందు పుట్టిన బిడ్డ రొమ్ము పట్టదు, పట్టినా రెండు గుక్కలకే అలసి నిద్రపోతుంది. బిడ్డ చీకకపోతే, ఎవరూ పిండకపోతే, తల్లి శరీరం పాలు తగ్గించుకుంటుంది. నాలుగు రోజులకు రొమ్ములు మెత్తబడతాయి. ‘దీనికి పాలు పడలేదు, దిష్టి తగిలింది’ అంటారు. ఎర్రనీళ్లు తిప్పుతారు, తాయెత్తు కడతారు. చెడుపాలన్న నమ్మకంతో ముర్రుపాలు పారబోసి మూడు రోజులు ఆగడం వల్లే పాలు తగ్గాయని ఎవరూ అనరు. తప్పు తల్లి నెత్తిన పడుతుంది. నాకు అన్నింటికన్నా బాధ కలిగించేది ఇదే.

మూడో రోజు పాలు పడతాయన్న మాటలో నిజం లేకపోలేదు. మాయ పడ్డాక ఒంట్లో హార్మోన్లు మారి, రెండు నుంచి నాలుగు రోజుల్లో పాలు పొంగుతాయి. కానీ ఆ పొంగు నిలబడాలంటే మొదటి గంటల నుంచే రొమ్ము ఖాళీ అవుతూ ఉండాలి. దుడ్డె చచ్చిపోయిన బర్రెకు దాణా పెట్టి, పొదుగు నిమిరి చేపించే రైతుకు ఈ శాస్త్రం కొత్తగా చెప్పాలా? బిడ్డ గాజుపెట్టెలో ఉన్న తల్లికి కావలసిందీ అదే: రోజుకు ఎనిమిది సార్లకు తగ్గకుండా, రాత్రి కూడా, చేత్తో పాలు పిండడం. ఆ చుక్కలను ట్యూబుతో, తర్వాత చెంచాతోనో ఉగ్గుగిన్నెతోనో పట్టవచ్చు. మన అమ్మమ్మల ఉగ్గుగిన్నెను పోలిన ముక్కు గిన్నెనే ఇవాళ నవజాత శిశు కేంద్రాల్లో వాడుతున్నారు. మంచి ఆచారం పరీక్షకు నిలబడుతుంది.

నిలబడనివి చాలా ఉన్నాయి. ఏడో నెల బిడ్డ దక్కుతుంది, ఎనిమిదో నెల బిడ్డ దక్కదంటారు. ప్రాచీన గ్రీకు వైద్యులూ ఇదే రాసుకున్నారు. నిజానికి కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు బలమే. దక్కదని ముందే తీర్మానించిన బిడ్డకు పాలు పిండి పట్టే ఓపిక ఇంట్లో ఎవరికి ఉంటుంది? పురుటి మైల పేరుతో తల్లిని మూల గదిలో ఉంచి బిడ్డకు దూరం చేయడం మరొకటి. దానికి పూర్తి భిన్నంగా, 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలైన కంగారూ పద్ధతిలో బిడ్డను తల్లి గుండెకు ఆనించి ఉంచుతారు. భారత్‌తో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో జరిపి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, పుట్టిన వెంటనే ఇలా చేస్తే కిలో నుంచి 1.8 కిలోల బిడ్డల మరణాలు నాలుగో వంతు తగ్గాయి.

ముహూర్తం కోసం కడుపు కోయించుకోవడం ఇంకా ఘోరం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60 శాతానికి పైగా సిజేరియన్లే. అందులో ముహూర్తాలవి ఎన్నైనా కానీ, గ్రహబలం చూసి రెండు వారాలు ముందే బయటికి తీసిన బిడ్డ మగతగా ఉండి సరిగా చీకలేకపోవచ్చు. డబ్బాపాలు ఆ లోటు తీర్చవు. నెలలు నిండని బిడ్డకు పేగు కుళ్లే జబ్బు ముప్పు వాటితో పెరుగుతుంది. తల్లిపాలు చాలకపోతే దానమిచ్చిన తల్లిపాలు మేలు. నీలోఫర్ ఆసుపత్రిలో 2017 నుంచి పాల బ్యాంకు ఉంది.

బాన్సువాడ మాతా శిశు ఆసుపత్రికి 2022లో తల్లిపాలను ప్రోత్సహించే ఆసుపత్రిగా జాతీయ స్థాయి గుర్తింపు వచ్చింది. ఇలాంటి ఆసుపత్రులకు ప్రమాణంగా 1989లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ రూపొందించిన పది సూత్రాల్లో, బిడ్డ వేరుగా ఉన్నా తల్లికి పాలు తగ్గకుండా చూసుకోవడం నేర్పాలన్నదీ ఉంది. నర్సు నేర్పింది ఇంటికి వచ్చాక కూడా సాగాలి.

వార్డు బయట కూర్చున్న అత్తలారా, అమ్మలారా, తాయెత్తు కోసం ఎవరినీ పంపకండి. ఉడికించి ఆరబెట్టిన గిన్నె ఒకటి తీసుకుని ఆ బాలింత పక్కన కూర్చోండి. కడుపునిండా అన్నం పెట్టండి, అడిగినన్ని నీళ్లివ్వండి. రాత్రి రెండింటికి మీరే లేపి, పాలు పిండుకోవడానికి సాయం చేయండి.