నోరు తెరవండి

మా బావగారి ఆపరేషను కత్తి పెట్టకముందే ఆగిపోయింది. పిత్తాశయంలో రాళ్ళని కిందటేడు కోయంబత్తూరులో ఒక ఆసుపత్రిలో చేర్చినాము. లోపలికి తీసుకొనిపోయిన కొంతసేపటికి డాక్టరు బయటికి వచ్చి, "మత్తు ఇచ్చినాము గాని గొంతులో గొట్టం పడలేదు, తెలివి తెప్పించినాము, ఇంకొకనాడు చూద్దాము" అని చెప్పి వెళ్ళిపోయినారు. అక్క అక్కడే కూలబడింది. రెండునాళ్ళకు కినత్తుకడవుకు తిరిగి వస్తూ బావగారు గొంతు పట్టుకొని, "నా నోరు అంత చిన్నదటోయ్! దాన్ని మూయమని మీ అక్క ముప్పైయేళ్ళుగా పోరుతున్నదే" అన్నారు.

ఆ గొట్టం ఎందుకని చాలామంది అడిగినారు. పెద్ద ఆపరేషనుకు నిండుమత్తుతోబాటు కండరాలు సడలే మందు ఇస్తారు. దానితో ఊపిరి కూడా నిలుస్తుంది. కనుక శ్వాసనాళంలోకి గొట్టం దింపి మిషనుతో ఊపిరి ఆడించాలి. ఆ నాళం వాకిలి నాలుక మొదలుకు వెనుక, కిందుగా దాగి వుంటుంది. 1854లో మాన్యుయల్ గార్సియా అనే పాటల గురువు అద్దాలతో, ఎండ వెలుగులో, తన గొంతు తానే చూసుకొన్నాడు. 1943లో ఆక్స్‌ఫర్డు డాక్టరు మకింటాష్ వంపురేకు సాధనం చేసినారు. దానితో నాలుకను ఎత్తి, డాక్టరు తన కంటితో నేరుగా చూడాలి. వాకిలి చూపుకు అందకపోతే చిక్కే.

ఎవరికి చిక్కో ముందే పసిగట్టే ఉపాయం చెప్పినది మన తెలుగువారే. గుంటూరు జిల్లాకు చెందిన మల్లంపాటి శేషగిరిరావుగారు అమెరికాలో మత్తు డాక్టరుగా వుండి, 1985లో 210 మంది రోగులను పరీక్షించిన వివరం ప్రకటించినారు. రోగి కూర్చుని, నోరు బాగా తెరచి, నాలుక చాపాలి. కొండనాలుక పూర్తిగా కనబడితే సుళువు. నాలుక మొదలు దాన్ని కప్పివేస్తే కష్టం కావచ్చు. దేశదేశాల్లో నేడు దీనిని మల్లంపాటి పరీక్ష అనే అంటారు. ఇది ఒక్కటే చాలదు. మెడ వంగటం, దవడ, పళ్ళు కూడా చూస్తారు. మనవాళ్ళు సిగ్గుపడి సగం నోరే తెరుస్తారు. మా బావగారూ అంతే చేసినారట.

ఇప్పుడు రేకు కొనలో చిన్న కెమెరా అమర్చిన సాధనం వచ్చింది. మలుపు అవతలి వాకిలి తెరమీద కనబడుతుంది. ఇది వేడుకా, నిజంగా మేలా అని అమెరికాలో క్లీవ్‌లాండు క్లినిక్‌వారు గుండె, రొమ్ము, రక్తనాళాల ఆపరేషన్లలో పరీక్షించినారు. ఏ వారం ఏ గదుల్లో ఏ సాధనమో చీటీ వేసినట్లు నిర్ణయించినారు. 2024లో వెలువడిన లెక్క ఇది: పాత పద్ధతిలో 4,016 ఆపరేషన్లలో 306 సార్లు రెండో ప్రయత్నం అవసరమైంది; కెమెరాతో 4,413లో 77 సార్లే. గుమాస్తాను గనుక నేనే భాగించి చూసినాను, నూటికి సుమారు 7.6, 1.7. పళ్ళకు, గొంతుకు తగిలే దెబ్బల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. వాకిలి కనబడినంత మాత్రాన గొట్టం తానే దూరదు; దానిని తగినట్లు వంచి నడిపే చెయ్యి కావాలి.

బావగారి మందుల బిల్లుల నడుమ ఇంగ్లీషులో రెండు వరుసల కాగితం దొరికింది. గొట్టం వేయటం కష్టమైనదనీ, నాళం వాకిలి కనబడలేదనీ, మరుసారి ముందుగా తెలుపవలెననీ వ్రాసి వున్నది. ఇచ్చినవారు ఒక్కమాట చెప్పలేదు. చింపి పారవేయబోయిన అక్క చేతినుంచి తీసుకొన్నాను. రెండో ఆసుపత్రిలో మత్తు డాక్టరమ్మ దానిని రెండుసార్లు చదివి, బావగారిచేత నోరు సరిగా తెరిపించి, తెరవున్న సాధనం ముందే సిద్ధం చేయించినారు. గొట్టం మొదటిసారే పడింది. సాయంత్రానికి బావగారు కాఫీ కావాలని గొడవ మొదలుపెట్టినారు.

ఆ కాగితానికి రెండు నకళ్ళు తీయించినాను. అసలుది భూమి పత్రాల పెట్టెలో వున్నది.