పడినది ప్రభువా, ప్రజలా?

చిద్రిలోను, బీదరు పేటలలోను తరతరములుగా కాపురమున్న మన కుటుంబములలో ఒక మాట వినవచ్చుచుండును: "నిజాము మంచివాడే, రజాకార్లే ఆయనను చెఱచిరి." ఈ మాటను మే మంగీకరింపజాలము.

మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1911లో గద్దె నెక్కెను. నిజాంసాగరమును గట్టించెను; 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయమును నెలకొల్పెను. కాదనము. కాని అచ్చటి బోధనాభాష ఉర్దూ. రాజ్యమున దాదాపు సగముమంది తెలుగువారు. 1921లో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార సభలో అల్లంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడ లేవగా సభికులు అల్లరిచేసిరి. ఆ అల్లరి చేసినవారు మన సోదరభాషల వారే! రాజాదరణ లేని భాష పొరుగువానికిని చులకనయే.

ఇక రజాకార్ల మాట. 1948 సెప్టెంబరు 17న లొంగిపోయిన పిమ్మట, 23న రేడియోలో నిజాము, హిట్లరు పద్ధతులతో ఒక చిన్న ముఠా రాజ్యమును చేజిక్కించుకొన్నదనియు, తాను నిస్సహాయుడనైతిననియు చెప్పుకొనెను. వినుటకు జాలి గొల్పును. అయితే 1947 అక్టోబరులో ఛత్తారీ నవాబు ఇంటిని మూక ముట్టడించినపుడు, దానిని శిక్షించుటకు మాఱుగా రాయబారి బృందమునే మార్చినదెవరు? లాయక్ అలీకి ప్రధానిపదవి నొసగినదెవరు? ఫర్మానులపై చేవ్రాలు కాసిం రజ్వీది కాదు గదా!

పతనమనుచున్నాము. ఎవరిది? నిజాము 1950 నుండి 1956 వరకు రాజప్రముఖుడు. ఏటా 50 లక్షల రూపాయల భరణము. 1967లో తన కింగ్ కోఠీ నగరియందే కన్నుమూసెను. పల్లెలలో మాత్రము మొదట రజాకార్ల దోపిడికి హిందువులు బలియైరి. పోలీసుచర్య పిదప ప్రతీకారమునకు గుఱియైనది రజాకారొక్కడే కాదు. తుపాకి నెన్నడును ముట్టని ముస్లిము కూలివాడును, వాని ఆలుబిడ్డలును. సుందర్‌లాల్ సంఘము మిక్కిలి నష్టపోయిన నాలుగు జిల్లాలలో మన బీదరును పేర్కొనెను. రాజ్యమంతట హతులు 27 వేలకు తక్కువ కారని అంచనా వేసెను. ఆ నివేదిక దశాబ్దముల తరబడి ప్రభుత్వపు బీరువాలలో మగ్గెను. మన ఉపన్యాసకులకు సెప్టెంబరు 17 జ్ఞాపకమే. ఈ లెక్క మాత్రము నోట రాదు.

1956లో బీదరు మైసూరు రాష్ట్రమున జేరెను. అల్పసంఖ్యాకులమై మన బిడ్డలకు తెలుగక్షరములు కావలెనని కోరు మనము, ఆ కోరికను మన్నింపని ప్రభువును పొగడుచు, ఆయన మతమువాడైన పాపమునకు పొరుగింటివానిని దూఱుట ఎట్లు పొసగును? సంఘమువారు రానున్న సెప్టెంబరు సభలో, దండలకును ఉపన్యాసములకును ముందు, ఇరువైపుల హతులకును మౌనము పాటింపజేయవలెనని మేము కోరుచున్నాము. ఆ సభకు ముస్లిము ఇరుగుపొరుగులను గూడ పిలువవలెను.