బీదతనమంటే ఎవరికెంత భయం

పైసలుంటే భయం పోతదంటరు. మన షోలాపూర్ పూర్వ భాగ్‌లో నాలుగిండ్లు చూస్తే అంత సులువు కాదని తెలుస్తది.

వారం పగారు మీద సాంచలు నడిపేటోని భయం వేరు. కరెంటు పోయినా, నూలు రాకపోయినా ఆ వారం కూలి తగ్గుతది. వెయ్యి బీడీలకింత అని చేసే అక్కది గూడ అదే బాధ. కార్ఖానాల కొన్ని కట్టలు పనికిరావని పక్కకు తీస్తే కిరాణా దుకాణంల ఖాతా పెరుగుతది. ఇది పిరికితనం కాదు, లెక్క. వాళ్లకు ధైర్యం చెప్పే బదులు కూలి సరిగ ఇప్పించాలె.

ఇంకో భయం ఉన్నది. 1982 జనవరి 18న బొంబాయి మిల్లుల సమ్మె మొదలైంది. సుమారు రెండున్నర లక్షల మంది పని బందు పెట్టిన్రు. చాలామందికి మళ్ల ఆ నౌకరీ దొరకలేదు. అసొంటి ఇంట్ల పెరిగిన అన్నదమ్ములు మన గల్లీల ఉన్నరు. ఇద్దరూ ఒకే పూట తిని పెరిగినోళ్లే. పెద్దాయన బియ్యం డబ్బా సగమైతే నిద్రపోడు. చిన్నాయన బిడ్డ పెండ్లికి అప్పు చేసి ఐదు వందల మందికి అన్నం పెట్టిండు. అందరూ చిన్నాయనకు భయం లేదంటరు. నేనైతే ఒప్పుకోను. ఒకరికి డబ్బా ఖాళీ అయితదని భయం, ఇంకొకరికి ఖాళీ డబ్బా నలుగురి కంట పడుతదని భయం. రెండోదానికి మిత్తి గూడ కట్టాలె!

పెద్దాయనకు పీఎఫ్ పైసలు బ్యాంకుల ఉన్నయి. ఒక బ్యాంకుల ఐదు లక్షల దాక బీమా ఉన్నదని, 2020లనే పెంచిన్రని కోడలు చెప్పింది. కన్నుల మోతీబిందు వచ్చి రెండేండ్లాయె, ఆపరేషన్ వద్దంటడు. సర్కారు దవాఖానల పైసలు తీసుకోరంటే, "రిక్షాకు? మందులకు?" అంటడు. ఆయన మాట పూరా తప్పని గూడ అనలేం. పీఎఫ్ పింఛను కనీసం వెయ్యి రూపాయలని 2014ల పెట్టిన్రు, దాంతోని నెల ఎట్ల గడుస్తది? కానీ కన్ను పోతే ఆ పైసలు ఎవరికోసం?

కోడలు తెలివిగల్లది. గొడవ పెట్టుకోలేదు. రిక్షా ఇంత, మందులు ఇంత, బ్యాంకుల మిగిలేది ఇంత అని పెద్ద అక్షరాలతోని కాగితం మీద రాసి మామ ముంగట పెట్టింది. ఆయన మూడుసార్లు చదివి, "దీపావళి అయినంక చూద్దాం" అన్నడు.

ఏ దీపావళి మామా, అని అడుగుతున్నది.