9 రోజుల గడువు

2020 ఏప్రిల్‌లో అమెరికాలో కరోనా అంటే న్యూయార్కే. ఆస్పత్రుల బయట శవాలు ఉంచడానికి రిఫ్రిజిరేటర్ లారీలు నిలబెట్టారు. కిక్కిరిసిన నగరాల జబ్బు, వృద్ధాశ్రమాల జబ్బు అని మిగతా దేశంలో చాలామంది ధీమాగా ఉన్నారు. జూన్, జూలై నెలల్లో అది ఫ్లోరిడా, టెక్సాస్, అరిజోనాలను పట్టుకుంది. నవంబరుకల్లా ఊరికీ ఊరికీ మధ్య మైళ్ల కొద్దీ పొలాలుండే డకోటా రాష్ట్రాలు, జనాభా లెక్కన చూస్తే, కేసుల్లో న్యూయార్క్‌ను మించిపోయాయి.

ఊళ్లతోపాటు వయసూ మారింది. మే నెలలో జబ్బుపడ్డవాళ్లలో సగంమంది 46 ఏళ్లు దాటినవాళ్లు. జూలైలో ఆ గీత 37కు దిగింది. పరీక్షలు పెరగడం కొంత కారణమే. కానీ బార్లు, హోటళ్లు తెరిచాక అక్కడ పనిచేసిందీ, అక్కడికి వెళ్లిందీ ఎక్కువగా కుర్రకారే. ఆగ్నేయ రాష్ట్రాల పరీక్షల లెక్కల్లో ముందు 20-39 ఏళ్లవారిలో పాజిటివ్ శాతం పెరిగింది. సగటున 9 రోజులకు 60 దాటినవారిలోనూ పెరిగింది.

ఆ 9 రోజులూ పెద్దవాళ్లను కాపాడుకోవడానికి చేతికందిన గడువు. దాన్ని వదులుకున్నారన్నదే నా బాధ. మరణాలు తగ్గుతున్నాయన్న ధైర్యంతో జూన్ 16న అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ రెండో అల లేదని పత్రికలో వ్యాసం రాశారు. జూలైలో మరణాలు మళ్లీ పెరిగాయి.

మన దగ్గరా ఇలాంటి సూచన అందింది. ఐసీఎంఆర్ సర్వేల ప్రకారం దేశంలోని పల్లెల్లో వైరస్ సోకినవారు 2020 ఆగస్టు, సెప్టెంబరుల్లో 4.4 శాతం. డిసెంబరు, జనవరి సర్వేకు 19.1 శాతం. పట్నాల్లో కేసులు తగ్గి అందరం ఊపిరి పీల్చుకుంటున్న రోజులవి. పల్లెల్లో అయిదుగురిలో నలుగురికి ఇంకా సోకలేదని ఆ అంకే చెబుతోంది. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆక్సిజన్ సిలిండర్ లేని ఊళ్లమీద రెండో అల పడింది.

వయసు విషయంలో మాత్రం అమెరికా లెక్క మనకు సరిపోదు. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు కాంటాక్టుల వివరాలు పరిశీలించిన అధ్యయనంలో, మృతుల్లో 50-64 ఏళ్లవారి వాటా అమెరికాలోకన్నా ఎక్కువని తేలింది. అంటే మనం కాపాడుకోవాల్సింది తాతలనే కాదు, ఇంకా సంపాదించి ఇల్లు నడుపుతున్నవాళ్లను కూడా. పైగా వాళ్లూ, కాలేజీ పిల్లలూ ఉండేది ఒకే ఇంట్లో, చాలాచోట్ల ఒకే గదిలో. అక్కడి 9 రోజులు ఇక్కడ దొరకవనే నా భయం. కుర్రాళ్లలో కేసులు పెరుగుతున్నాయని తెలిసిన రోజే ఏరియా ఆస్పత్రిలో పడకలు సిద్ధం కావాలి.